సరిహద్దు పిల్లల గురించి ఒక ప్రశ్న

సంపాదకులకు నమస్కారాలు.

విషయం: యుద్ధ వార్తల నీడలో మన తరగతి గదులు

అయ్యా,

గత నెల మా పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాలలో ‘దేశ రక్షణలో యువత పాత్ర’ అనే అంశంపై వక్తృత్వ పోటీ పెట్టి, న్యాయనిర్ణేతల్లో ఒకడిగా నన్ను పిలిచారు. ముప్పయి నాలుగేళ్లు ఈ జిల్లా పల్లెల్లో సాంఘికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కాబట్టి ఇటువంటి పిలుపులు అప్పుడప్పుడు వస్తుంటాయి, నేనూ సంతోషంగానే వెళ్తుంటాను. పిల్లలు బాగానే మాట్లాడారు. క్షిపణుల పేర్లు, అవి ఎంత దూరం పోతాయన్న లెక్కలు, నేను పుస్తకం చూసుకుని చెప్పాల్సినవి, వాళ్లు కాగితం చూడకుండా అప్పజెప్పారు. చివర్లో ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి, ఏదైనా అడగదలిస్తే అడగండని పిల్లలతో అన్నారు. వెనక వరుసలో నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “సార్, యుద్ధం వస్తే బార్డరు దగ్గర బడికి పొయ్యే పిల్లోల్లు ఏమైతారు సార్? వాల్లకు పరీక్షలు పెడతారా?” అని అడిగింది.

హాలంతా నవ్వింది. ఆ నవ్వుకు నేను బాధపడలేదు, పిల్లలు నవ్వుతారు. అయితే అతిథిగారు నవ్వలేదు. శత్రువుల పిల్లల మీద జాలి చూపడం మన సైనికులను అవమానించడమేననీ, ఇటువంటి ప్రశ్నలు పిల్లల నోట ఎవరు పలికిస్తున్నారో ఉపాధ్యాయులు కనిపెట్టాలనీ ఆయన గట్టిగా చెప్పారు. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. వేదిక మీద ఉన్న ఆరుగురిలో ఒక్కరం కూడా మాట్లాడలేదు, ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టనిది ఒకటుంది. ఆ పిల్ల సరిహద్దు దగ్గర అన్నదే తప్ప ఏ పక్క అన్నది చెప్పలేదు. ఏ పక్కనమ్మా అని మేమెవరమూ అడగలేదు.

ఈ పక్క సంగతే చూద్దాం. 2025 మే 7 తర్వాత పాకిస్తాన్‌తో నాలుగు రోజుల పాటు ఘర్షణ జరిగినప్పుడు జమ్మూ, పంజాబ్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల్లో బడులు మూసేశారు. పూంచ్‌లో ఇళ్ల మీద పడిన ఫిరంగి గుండ్లకు చనిపోయినవారిలో బడి పిల్లలున్నారు. వాళ్లు మన పిల్లలే. ఆ రోజుల్లో మన దగ్గర వేసవి సెలవులు కాబట్టి, బడి మూతపడడమంటే ఏమిటో అనంతపురం పిల్లలకు తెలిసే అవకాశం లేకపోయింది. తెలుసుకోవాలని అడిగిన ఒక్క పిల్లను మేము కూర్చోబెట్టాము. అదే మే నెలలో ఉమ్మడి అనంతపురం జిల్లాకు చెందిన యువ సైనికుడొకరు జమ్మూకశ్మీర్‌లో సరిహద్దు కాల్పుల్లో అమరుడైనప్పుడు మా వీధిలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డవారిలో నేనూ ఉన్నానని చెప్పుకోవలసి రావడం కూడా నాకు కొంచెం చిన్నతనంగానే ఉంది. ఈ రోజుల్లో ఒక ప్రశ్న అడగాలంటే ముందు మన దేశభక్తికి సర్టిఫికెట్ చూపించుకోవాలి కదా, అందుకే రాస్తున్నాను.

యుద్ధం అన్నివేళలా అన్యాయమని వాదించేవాణ్ణి కూడా కాను. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్ సైన్యం మార్చి 25 రాత్రి మొట్టమొదట విరుచుకుపడిన చోట్లలో ఢాకా విశ్వవిద్యాలయం ఒకటి. డిసెంబరు 16న లొంగిపోవడానికి రెండు రోజుల ముందు అధ్యాపకులను, పాత్రికేయులను, వైద్యులను ఇళ్ల నుంచి ఏరి తీసుకుపోయి చంపారు. ఓడిపోతున్నామని తెలిశాక కూడా పంతుళ్లను వెతికి చంపవలసిన అవసరం ఆ సైన్యానికి ఎందుకు వచ్చిందో నా విద్యార్థులను ఏటా అడిగేవాణ్ణి. రకరకాల జవాబులు వచ్చేవి. ఒక కుర్రాడు మాత్రం, “వాల్లుంటే మల్లీ దేశం లేస్తాది గదా సార్” అన్నాడు. ఆ యుద్ధంలో మన దేశం చేసిన పనిని నేను ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

బాంబు పడిన చోట బడి ఏమవుతుందో వార్తలు చదివేవారికి కొత్తగా చెప్పనక్కర లేదు. గాజాలో 2023 అక్టోబరు తర్వాత బడికి దూరమైన పిల్లలు సుమారు 6,25,000 మంది అని యూనిసెఫ్ చెప్పింది. 2024లో సుమారు 39 వేల మంది పన్నెండో తరగతి పరీక్ష రాయలేకపోయారు. మన ఇంటర్ ఫలితాల రోజున ఇళ్లలో ఉండే హడావిడి తలచుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి మెట్రో రైలు స్టేషన్లలోనే తరగతులు నడిపి, మరుసటి ఏడు ఏకంగా భూమి కింద బడి కట్టుకున్నారు. మా పక్కింటి అమ్మాయి ఆ నగరంలోనే వైద్యవిద్య చదువుతూ 2022 మార్చిలో రొమేనియా మీదుగా తిరిగి వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె మేడ మీద గదిలో ఫోను ముందు కూర్చుని పాఠాలు వినేది. పాఠం మధ్యలో సైరన్ మోగితే అక్కడి ప్రొఫెసరు “పది నిమిషాల్లో వస్తాను” అని చెప్పి నేలమాళిగలోకి వెళ్లేవాడనీ, వచ్చేదాకా ఇక్కడ తాము నోట్సు రాసుకుంటూ కూర్చునేవాళ్లమనీ చెప్పింది. పోటీలో తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ‘పరీక్షలు పెడతారా’ అన్న ప్రశ్న నవ్వదగినదేమీ కాదు.

అయితే ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది బాంబులు పడని ఊళ్ల సంగతి. యుద్ధం అన్న మాట గాలిలోకి వచ్చిందంటే, వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న తరగతి గదిలో కూడా మొదట తగ్గిపోయేది ప్రశ్న. మన రాజ్యాంగం 51ఎ అధికరణలో పౌరుల ప్రాథమిక విధుల పట్టిక ఉంది. పదో తరగతి పిల్లలు పరీక్షకు బట్టీపట్టే పట్టికే అది. పిలుపు వచ్చినప్పుడు దేశాన్ని రక్షించాలన్న విధి అందులోనే ఉంది, శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవాలన్న విధీ అందులోనే ఉంది. రెండూ ఒకే అధికరణలో కొద్ది పంక్తుల ఎడంలో ఉన్నాయి. (ప్రశ్నించే గుణాన్ని విధిగా చేర్చిన 42వ సవరణ 1976లో, సరిగ్గా ఎమర్జెన్సీ మధ్యలో, ఎవరూ ఏమీ అడగకూడని రోజుల్లో వచ్చింది. ఈ మాట చెప్పినప్పుడల్లా మా సహోపాధ్యాయులు నవ్వేవాళ్లు.) అతిథిగారు మొదటి విధిని గుర్తుచేయడానికి వచ్చి, రెండో విధిని నిర్వర్తించిన పిల్లను మందలించి వెళ్లారు.

పిల్లల చేత ప్రశ్నలు మాన్పించడం యుద్ధకాలపు ప్రభుత్వాలకు ఎంత ముఖ్యమో చరిత్రలో దాపరికం లేకుండా రాసిపెట్టినవాళ్లున్నారు. 1940 మే నెలలో హిట్లర్ అనుచరుడు, నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ తయారు చేసిన పత్రంలో, ఆక్రమించిన తూర్పు ప్రాంతాల్లోని జర్మనేతర పిల్లలకు నాలుగు తరగతుల బడి చాలునని ఉంది. ఐదువందల వరకు లెక్కపెట్టడం, పేరు రాయడం, జర్మన్లకు లోబడి ఉండడం దైవాజ్ఞ అని నేర్చుకోవడం, ఇవీ పాఠాలు. చదవడం నేర్పనక్కర లేదనుకుంటున్నానని కూడా రాశాడు. పోలండ్ ఉపాధ్యాయులు దానికి జవాబుగా ఇళ్లలో, వంటగదుల్లో రహస్యంగా తరగతులు నడిపారు, పట్టుబడినవారు నిర్బంధ శిబిరాలకు పోయారు. జపాన్‌లో అందుకు విరుద్ధం, అక్కడ బడే యుద్ధానికి పిల్లలను తయారుచేసింది. ఒకినావాలో 1945లో సైనిక ఆసుపత్రులకు సాయంగా పంపిన 240 మంది విద్యార్థినులు, ఉపాధ్యాయుల్లో 136 మంది తిరిగి రాలేదు. ఓడిపోయిన తర్వాత అవే బడుల్లో అవే ఉపాధ్యాయులు, నిన్నటిదాకా తాము కంఠస్థం చేయించిన వాక్యాల మీద పిల్లల చేత నల్లసిరా పూయించారు. ఆ తరగతి గదిలో పంతులుగా నిలబడి ఉండడం ఎలా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అందుకే కాబోలు, 1947లో ఏర్పడిన జపాన్ ఉపాధ్యాయుల సంఘం మా విద్యార్థులను మళ్లీ యుద్ధభూమికి పంపబోము అన్న మాటను తమ నినాదంగా పెట్టుకుంది.

ఇక మన జిల్లాకు దగ్గరి సంగతి. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు ప్రార్థన సమయంలో జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడి కూడా, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. వాళ్లను బడి నుంచి తీసేశారు. హైకోర్టులో వాళ్లకు న్యాయం దొరకలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన గుత్తివారు. గుత్తి కోట చూడడానికి పోయే పిల్లలకు మురారిరావు కథ చెబుతాము గానీ ఈ కథ చెప్పము. “మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్త్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయకుందాం” అన్నది ఆ తీర్పు ముగింపు మాట.

ఆ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ప్రస్తావనకు వచ్చింది, దాని వెనక కథ మన చర్చకు అవసరం. 1940 జూన్‌లో, ఐరోపాలో ఫ్రాన్స్ కూలిపోతున్న రోజుల్లో, జెండాకు వందనం చేయని పిల్లలను బడి నుంచి తీసేయవచ్చునని ఆ కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తీర్పు ఇచ్చింది. ఆ పిల్లలూ యెహోవా సాక్షులే, ఆ తర్వాత ఆ శాఖకు చెందిన కుటుంబాల మీద ఊరూరా దాడులు జరిగాయి. మూడేళ్లకు, 1943 జూన్ 14న, తమ సైనికులు రెండు మహాసముద్రాల్లో చనిపోతున్న సమయంలోనే, అదే కోర్టు తన తీర్పును తానే తిరగరాసుకుంది. అభిప్రాయాలను బలవంతంగా ఒకటి చేయబోతే దొరికేది శ్మశానంలో ఉండే ఏకాభిప్రాయమేనని ఆ రోజు జస్టిస్ జాక్సన్ రాశారు. యుద్ధం ముగిశాక తీరిగ్గా ఆలోచిద్దామని వాళ్లు వాయిదా వేసుకోలేదన్నది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే విషయం. మన దగ్గర మాత్రం కాల్పులు ఆగిన తర్వాత, పిల్లలు వేదిక మీద హాయిగా మాట్లాడుకుంటున్న రోజున కూడా, ప్రశ్నకు జాగా లేకపోయింది.

సైనిక రహస్యాలు పిల్లలకు చెప్పాలా అని కొందరు మిత్రులు నన్ను ఎదురు అడిగారు. ఎవరు అడిగారండీ రహస్యాలు? దళాలు ఎక్కడున్నాయని ఆ పిల్ల అడగలేదు. క్షిపణి ఎంత దూరం పోతుందన్నది చెప్పిన పిల్లలకే బహుమతులు ఇచ్చాము.

నా మాటకు మరో కారణం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1990వ దశకంలో నేను పనిచేసిన ఒక పల్లె రెండు వర్గాలుగా చీలి ఉండేది. ఊరి పేరు రాయను, రాస్తే ఇప్పటికీ ఎవరికో ఒకరికి నొప్పి. ఒక హత్య తర్వాత పోలీసు పికెట్ పెట్టారు, పెట్టింది మా బడిలోనే. ఉన్న మూడు గదుల్లో రెండు వాళ్లకు పోయాయి. వరండాలో తుపాకులు గోడకు ఆనించి ఉండేవి, మూడో తరగతి పిల్లలు వాటి పక్కనే పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. పికెట్ వారు చెడ్డవారేమీ కాదు, ఒక కానిస్టేబుల్ సాయంత్రాలు ఎక్కాలు కూడా చెప్పేవాడు. కానీ హాజరుపట్టీలో ప్రతి నెలా ఒకటి రెండు పేర్ల మీద ఎర్రగీత పడేది. వాళ్ల తల్లిదండ్రులు రాత్రికి రాత్రి ఊరొదిలి కర్నూలుకో, తాడిపత్రికో, బెంగళూరుకో పోయేవాళ్లు. టీసీ అడగడానికి కూడా ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ప్రజాస్వామ్యం అన్న పాఠం వచ్చినప్పుడు నేను ఏడో తరగతిలో ఒక ఎన్నిక పెట్టాను. నిలబడ్డవాళ్లు ఇద్దరు. ఒకరికి వేరుసెనగ గింజ, ఇంకొకరికి చింతగింజ గుర్తు. పిల్లలు గింజను మూసిన డబ్బాలో వేయాలి. (కొన్ని వేరుసెనగ గింజలు డబ్బాకు చేరక ముందే కడుపులోకి పోయాయి, అందుకని రెండోసారి ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది.) లెక్కపెడితే పదిహేడు, పధ్నాలుగు. తరగతిలో ఒక వర్గం పిల్లలు పద్దెనిమిది మంది, ఇంకో వర్గం పిల్లలు పదముగ్గురు. అంటే ఒక్క పిల్లవాడు తన వర్గం కాని వాడికి ఓటు వేశాడు. ముప్పయి నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు అంతటి సంతోషం కలిగిన రోజు మరొకటి లేదు. ఆ సంతోషంలో నేను ఆ అంకెలను నల్లబల్ల మీద రాశాను. మరుసటి వారం ఊళ్లోంచి ఇద్దరు మనుషులు వచ్చి, ఆ ఒక్కడు ఎవడు సార్ అని మర్యాదగానే అడిగారు. నాకు తెలియదన్నాను, నిజంగానే తెలియదు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను మళ్లీ ఎన్నిక పెట్టలేదు. పాఠం పుస్తకంలో ఉన్నట్టు చదివించి ముగించాను. నా పని సులువైంది, పిల్లలూ బుద్ధిగా ఉన్నారు. ఇప్పుడు ఆ వేదిక మీద నోరు మూసుకుని కూర్చున్నది, ఆనాడు ఎన్నిక మానేసిన మనిషే.

ఆయుధం బడిలో ఉండకూడదన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో బలగాలు ఆక్రమించుకున్న బడులను, హాస్టళ్లను ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా ఆదేశించింది. బలగాలు ఉంటాయన్న సాకుతో మావోయిస్టులు బడి భవనాలు పేల్చడం, పేల్చారన్న కారణంతో బలగాలు మిగిలిన బడుల్లో మకాం పెట్టడం, ఈ రెంటి మధ్య నలిగిన ఆదివాసీ పిల్లల్లో కొందరు సరిహద్దు దాటి మన తెలుగు నేల మీదికి, భద్రాచలం అడవుల్లోకి వచ్చారు. 2015 మే నెలలో ఓస్లోలో మొదలైన సురక్షిత పాఠశాలల ప్రకటనను, అంటే బడులను సైనిక అవసరాలకు వాడుకోకుండా చూస్తామన్న మాటను, ఇప్పటికి 120కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం వాటిలో లేదు. ఎందుకు లేదన్నది మన ఎంపీలను అడగదగిన ప్రశ్న. జిల్లా స్థాయిలో దానికోసం ఎదురుచూడనక్కర కూడా లేదు, ఊళ్లో గొడవ జరిగినప్పుడు పికెట్‌ను బడిలో కాక మరో చోట పెట్టించమని కలెక్టరుగారు, ఎస్పీగారు ఒక కాగితం మీద ఆదేశం ఇస్తే సరిపోతుంది.

విద్యాశాఖ వారికి నా మనవి చిన్నది. వక్తృత్వ పోటీల అంశాలను ఒక్క జవాబే వచ్చేటట్టు పెట్టకండి. ‘దేశ రక్షణలో యువత పాత్ర’ అంటే పిల్లవాడు ఏం చెప్పాలో అంశంలోనే ఉంది. అదే, యుద్ధకాలంలో పత్రికల మీద ఆంక్షలు ఉండవచ్చా, సరిహద్దు గ్రామాల పిల్లల చదువు ఎవరి బాధ్యత అని అడిగితే, రెండు వైపులా నిలబడి మాట్లాడక తప్పదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. చదువు పిల్లలను స్వేచ్ఛాయుత సమాజంలో బాధ్యతగా బతకడానికి, శాంతి, సహనం, ఇతరులను అర్థం చేసుకునే గుణంతో సిద్ధం చేయాలని దాని 29వ అధికరణ చెబుతుంది. అందులోని మాటలు వేదికల మీద కాదు, పోటీ అంశాల జాబితాలో కనబడాలి.

మీకూ ఒక మాట చెప్పాలి, కోపగించుకోకండి. 2025 మే నెలలో తెలుగు పత్రికల విద్యార్థుల పేజీల్లో వచ్చిన బొమ్మలు చాలావరకు విమానాలవి, క్షిపణులవి. అవి వేయవద్దని అనను. పూంచ్‌లోనో, ఫిరోజ్‌పూర్‌లోనో ఒక బడి పిల్ల ఆ వారం ఎలా గడిపిందో ఒక్క అర పేజీ రాసి ఉంటే, మా పోటీలో ఆ అమ్మాయి ప్రశ్న విని హాలు నవ్వి ఉండేది కాదనుకుంటాను.

పోటీ జరిగిన మూడో రోజున ఆ బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ అమ్మాయితో మాట్లాడాను. ముందు భయపడింది, ఇంటికి చెబుతారా తాతా అని అడిగింది. చెప్పనని, ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సిందని, మాట్లాడనందుకు మన్నించమని అన్నాను. ఏ పక్క పిల్లల గురించి అడిగావమ్మా అన్నాను. “నాకు రెండు పక్కలుంటాయని అప్పుడు తట్టలేదు తాతా” అంది. ఆమె ప్రశ్నను, ఊరు పేరు, బడి పేరు, పిల్ల పేరు లేకుండా, మీ విద్యార్థుల పేజీలో వేసి, జిల్లా పిల్లల నుంచి జవాబులు అడగవలసిందిగా కోరుతున్నాను. వచ్చిన జవాబుల్లో మంచివాటికి పుస్తకాలు బహుమతిగా ఇవ్వడానికి నా పింఛను సరిపోతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం.